మధుమేహ పాదానికి ఇన్‌సోల్: కృత్రిమ మేధతో రూపకల్పన

మధుమేహం వల్ల నరాలు దెబ్బతిని అరికాలు మొద్దుబారిన వారికి, చెప్పులో చిక్కుకున్న చిన్న రాయి పుండు చేసేదాకా తెలియదు. అందుచేత ఇన్‌సోల్ (చెప్పు లోపల అరికాలి కింద పరిచే మెత్త) హాయిగా ఉందా అని వారిని అడిగి లాభం లేదు, కొలిచి తెలుసుకోవలసిందే. కృత్రిమ మేధ పని తొలి నమూనా గీసి ఇవ్వడం వరకే.

ముందుగా పాదాన్ని పరీక్షించాలి. 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగు) స్పర్శను, చేతితో నాడిని చూసి, ఆనెకాయలు, మానిన పుండ్ల మచ్చలు ఎక్కడున్నాయో రాసుకోవాలి. పుండు తెరిచి ఉన్నా, ఒక పాదం ఎర్రగా వాచి రెండోదానికంటే 2.2 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిగా ఉన్నా, ఇన్‌సోల్ సంగతి పక్కన పెట్టి వెంటనే వైద్యుని దగ్గరకు పంపాలి.

తరువాత పాదాన్ని త్రీడీ స్కాన్ చేసి, నడుస్తున్నప్పుడు అరికాలిపై పడే ఒత్తిడి పటం తీయాలి. నిలబడిన పాదం వెడల్పవుతుంది, కూర్చున్నప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి, కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌కు ఏ భంగిమలోని స్కాన్లతో శిక్షణ ఇచ్చారో అదే భంగిమలో తీయడం తప్పనిసరి. మూసిన బూట్లు తొడిగే పాదాలనే ఎక్కువగా చూసి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్, జీవితమంతా ఉత్త కాళ్లతోనో హవాయి చెప్పులతోనో నడిచి వేళ్లు విచ్చుకున్న పాదం దగ్గర పొరబడే అవకాశం ఉంది.

ఈ వివరాలతో సాఫ్ట్‌వేర్ వేళ్ల మొదళ్లలోని ఎముకలను గుర్తించి, ఎక్కడ ఎంత మందం, ఎంత మెత్తదనం ఉండాలో సూచిస్తుంది. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది వేళ్ల మొదళ్లకు ఊతమిచ్చే ఉబ్బెత్తు మెత్త స్థానం: అది ఎముక తలకు (వేలి వైపు ఉండే గుండ్రని కొనకు) సుమారు 6 నుంచి 11 మిల్లీమీటర్లు వెనుకగా, మడమ వైపుకు ఉంటేనే ఒత్తిడి తగ్గుతుంది, నేరుగా ఎముక కిందికి జరిగితే పెరుగుతుంది. దీన్ని సరిచూడడానికి ఒక పాత చిట్కా ఇప్పటికీ పనికొస్తుంది: ఆనెకాయ మీద లిప్‌స్టిక్ రాసి ఇన్‌సోల్‌పై నిలబెడితే, ఎముక తల పడే చోట ఎర్రని ముద్ర దిగుతుంది.

తయారీకి ఈవీఏ (మెత్తని నురుగు ప్లాస్టిక్) దిమ్మను యంత్రంతో చెక్కవచ్చు, టీపీయూతో (రబ్బరులా వంగే ప్లాస్టిక్) త్రీడీ ముద్రణ చేయవచ్చు. కుష్ఠు రోగుల పాదరక్షల కోసం మన దేశంలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న ఎంసీఆర్ (సూక్ష్మ గాలి గదులుండే మెత్తని) రబ్బరును పైపొరగా వేయవచ్చు. ఏది వాడినా, వెనుక పట్టీ, తగినంత లోతు ఉన్న పాదరక్షలోనే అమర్చాలి. ఇంట్లో చెప్పులు విప్పి తిరిగే అలవాటు మనది కనుక, ఇంటి లోపలికీ మరో జత చేయించడం మేలు.

అమర్చాక చెప్పు లోపలి సెన్సర్లతో మళ్లీ కొలవాలి. గతంలో పుండు పడిన చోట గరిష్ఠ ఒత్తిడి 200 కిలోపాస్కళ్ల లోపు ఉండాలి, లేదా మునుపటికంటే కనీసం 30 శాతం తగ్గాలి. అలా తగ్గకపోతే, తెరపై బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ చోట చెక్కి మళ్లీ కొలవాలి. మొదటి రోజు గంటసేపే తొడిగించి, విప్పాక అరికాలిని ఇంట్లోవారి చేత చూపించాలి. ఎరుపు అరగంటలో తగ్గకపోతే వాడకం ఆపించి ఇన్‌సోల్‌ను సవరించాలి.