ఫారంలో ఎర్రర్ మెసేజ్ జావాస్క్రిప్ట్‌తో ఎప్పుడు చూపించాలి, ఎలా చూపించాలి

వైజాగ్‌లో హోమ్ డెలివరీ చేసే షాపు కోసం ఆర్డర్ ఫారం చేస్తున్నారనుకోండి, అందులో పిన్‌కోడ్ బాక్స్ ఉంటుంది కదా, దాంతోనే చూద్దాం. ముందు ఫారం ట్యాగ్‌కి నోవాలిడేట్ (novalidate) అనే గుర్తు పెట్టేయండి, బ్రౌజర్ సొంతంగా చూపించే బుడగలు ఆగిపోతాయి కానీ రూల్స్ సరిపోయాయో లేదో చూసే చెక్‌వాలిడిటీ (checkValidity) మామూలుగానే పనిచేస్తుంది, సో రూల్స్ మళ్లీ రాసుకోనక్కర్లేదు. ఇన్‌పుట్‌కి రిక్వైర్డ్, 6 అంకెల ప్యాటర్న్ ఇచ్చి కింద మెసేజ్ కోసం ఒక ఖాళీ స్పాన్ ట్యాగ్ పెట్టండి.

అసలు విషయమంతా టైమింగ్‌లోనే ఉంది. గాజువాక ఆవిడ 530026 కొడదామని 5 నొక్కగానే ఎర్ర మెసేజ్ వస్తే చిరాకేస్తుంది, అందుకే మొదటిసారి బ్లర్ ఈవెంట్‌లోనే (బాక్స్ వదిలి బయటికి వెళ్లినప్పుడు) చెక్ చేయండి, తప్పొచ్చాక మాత్రం ఇన్‌పుట్ ఈవెంట్‌లో ప్రతి అంకెకీ చూడండి, సరిచేసిన వెంటనే ఎరుపు పోవాలి. స్టైల్ నేరుగా జావాస్క్రిప్ట్‌లో రాయొద్దు ప్లీజ్, క్లాస్‌లిస్ట్ టాగుల్‌తో ఒక క్లాస్ మారిస్తే చాలు, రంగులు సీఎస్ఎస్ చూసుకుంటుంది. మెసేజ్‌ని ఆ స్పాన్‌లో టెక్స్ట్‌కంటెంట్‌తో పెట్టండి. వాల్యూమిస్సింగ్ (బాక్స్ ఖాళీ) అయితే "పిన్‌కోడ్ రాయండి", ప్యాటర్న్‌మిస్‌మ్యాచ్ (ప్యాటర్న్ కుదరలేదు) అయితే "6 అంకెలు ఉండాలి" అని విడివిడిగా చెప్పండి, ఊరికే "ఇన్‌వాలిడ్" అంటే ఎవరికేం అర్థమవుతుంది!

ఎరుపు ఒక్కదాన్నే నమ్ముకోకండి, రంగుల తేడా తెలియనివాళ్లుంటారు, ఆర్కే బీచ్ ఎండలో ఫోన్ చూసేవాళ్లకి లేత ఎరుపు కనపడదు కూడా, అక్షరాలకీ వెనక రంగుకీ తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉంచి పక్కన ఐకాన్ పెట్టండి. ఇన్‌పుట్‌కి ఏరియా-ఇన్‌వాలిడ్ (aria-invalid) ట్రూ చేసి, స్పాన్ ఐడీని ఏరియా-డిస్క్రైబ్డ్‌బైలో (aria-describedby) ఇస్తే, చూపులేనివాళ్లకి స్క్రీన్ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా చదువుతుంది. సబ్మిట్ నొక్కినప్పుడు తప్పులుంటే ప్రివెంట్‌డిఫాల్ట్‌తో ఫారం వెళ్లకుండా ఆపి మొదటి తప్పు బాక్స్‌కి ఫోకస్ పంపండి. సర్వర్‌లో చెక్ మాత్రం విడిగా ఉండాల్సిందే.