కాలిపర్లకు ఎర్ర రంగు: నా ఆదివారం పని

మా పాత స్విఫ్ట్ ముందు చక్రాల కాలిపర్లు (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు అదిమే ఇనుప బిగింపులు) తుప్పుపట్టి ఇటుకపొడిలా కనిపిస్తుంటే చూడలేక నేనే పూనుకున్నాను.

కారు నేల మీద ఉండగానే చక్రం నట్లు కాస్త వదులు చేయండి. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, స్టాండు మీద నిలపండి. ఒట్టి జాకీని నమ్మి చేయి పెట్టవద్దు.

చక్రం తీసేసి, కాలిపర్‌ను పట్టి ఉంచే గైడ్ బోల్టులు విప్పి కాలిపర్ లాగితే ప్యాడ్లు చేతికొస్తాయి. కాలిపర్‌ను తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. బ్రేకు గొట్టానికి వేలాడితే గొట్టం లోపల చిట్లవచ్చు. నేను బట్టలారేసే తీగ కత్తిరించి వాడాను. ఇంట్లో తిట్లు ఇంకా ఆగలేదు.

ఇనుప బ్రష్షుతో రుద్ది, బ్రేక్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. ఆ నల్లదుమ్మును నోటితో ఊదకండి, మాస్కు తప్పనిసరి. ప్యాడ్లను నెట్టే పిస్టన్ రబ్బరుకు, గాలి బయటికి తీసే బ్లీడర్ నిపిల్‌కు, ప్యాడ్లు జారే చోట్లకు టేపు అంటించండి. వేడి తట్టుకునే రంగు పలుచగా మూడు పూతలు వేయాలి. నేను తొందరపడి మొదటి పూతే దట్టంగా వేశాను. రంగు కారి, కింది అంచున మూడు బొట్లు గడ్డకట్టాయి. మళ్లీ గీకాల్సి వచ్చింది.

ప్యాడ్లు తిరిగి పట్టేలా పిస్టన్‌ను సి-క్లాంపుతో (C ఆకారపు మర బిగింపు) మెల్లగా లోపలికి నొక్కండి, బ్రేకు ఆయిల్ డబ్బా పొంగకుండా చూసుకుంటూ. అన్నీ బిగించాక, కారు కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి.