ముట్లు ఆగాక వైద్యం, మూడో పాఠం: డాక్టరు గదిలో పది నిమిషాలు

ముట్లు ఆగే వయసులో ఆవిర్లు, చెమటలు ఎప్పుడెప్పుడు వస్తున్నాయో, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో మూడు వారాల పాటు నోట్‌బుక్‌లో రాయమని పోయిన పాఠంలో చెప్పాను. రాసినవాళ్లు దాన్ని పక్కన పెట్టుకుని ఇది చదవండి. రాయనివాళ్లు ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. ఆ కాగితం లేకపోతే ఈ పాఠం సగమే పనికొస్తుంది.

నోట్‌బుక్ గురించి ముందు ఒక మాట. కోనసీమలో ఉన్నవాళ్లకి తప్పకుండా వచ్చే సందేహం ఇది: "మనకి ఎలాగూ ఉక్కపోతే కదా, ఈ చెమట ఉక్కకి పట్టిందో, ఒంట్లో ఆవిరికి పట్టిందో ఎలా తెలుస్తుంది?" మేలో కాలవగట్టు మీద నిలబడ్డా చెమట కారుతుంది, నిజమే. అయితే ఉక్క మన ఒక్కరికే పొయ్యదు, పక్కనున్నవాళ్లకీ పోస్తుంది. ఫ్యాను కిందికి వెళ్తే కాస్త సర్దుకుంటుంది. ఆవిరి గుండెల దగ్గర పుట్టి, మెడ మీదుగా ముఖానికి సెగలా ఎక్కుతుంది. గుండె దడదడలాడుతుంది. కొద్ది నిమిషాల్లో అదే దిగిపోయి, వెంటనే చలేస్తుంది. సంక్రాంతి ముందు మంచు కురిసే తెల్లవారుజామున ఇంట్లో అందరూ దుప్పటి ముసుగేసుకుని పడుకుంటే, మీరొక్కరే జాకెట్టు తడిసి లేచి కూర్చున్నారంటే అది ఉక్క కాదు. కాబట్టి ఎండాకాలంలో పగటి లెక్క తప్పినా ఫరవాలేదు, రాత్రి లెక్క మాత్రం వదలకండి. రాత్రికి ఎన్నిసార్లు లేచారు, మళ్లీ నిద్ర పట్టిందా లేదా, ఈ రెండూ చాలు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? గైనకాలజిస్టు దగ్గరికి. కాకినాడ, రాజమండ్రి, ఏలూరు పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ విభాగం ఉంది. అమలాపురం, భీమవరం లాంటి ఊళ్లలో ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు. మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవద్దు. వ్రతానికో పెళ్లికో ముట్టు వాయిదా వేసుకోవడానికి ఒకప్పుడు వాడిన మాత్రా హార్మోనే, కానీ ముట్లు ఆగాక ఆవిర్లకి ఇచ్చే హార్మోన్ చికిత్స అది కాదు.

ఇప్పుడు అసలు పాఠం. డాక్టరు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి మీకు గర్భసంచి ఉందా, తీసేశారా అన్నది. మన రాష్ట్రంలో ఇది చిన్న ప్రశ్న కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. దేశం మొత్తమ్మీద చూస్తే నూటికి 3. ఈ చికిత్సలో ముఖ్యమైనది ఈస్ట్రోజన్, అండాశయాల్లో తయారై ముట్లు ఆగాక తగ్గిపోయే హార్మోన్. గర్భసంచి ఉన్నవాళ్లకి అది ఒక్కటే ఇస్తే లోపలి పొర మందంగా పెరిగి క్యాన్సర్‌కి దారి తీయవచ్చు. అందుకని ఆ పొరని అలా పెరగనివ్వని ప్రొజెస్టిరాన్ అనే రెండో హార్మోన్ తోడుగా ఇస్తారు. గర్భసంచి లేనివాళ్లకి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది.

తీసేసినవాళ్లు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి: అండాశయాలు ఉంచారా, అవీ తీశారా? మా పిన్నికి 38వ ఏట ఆపరేషన్ అయింది. తీసినవి ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. డిశ్చార్జి కాగితం వానల్లో పెట్టెలో నాని పోయింది. రెండూ తీసేశారని పదకొండేళ్ల తర్వాత స్కానింగ్‌లో గానీ తెలియలేదు. 45 లోపు అండాశయాలు పోయినవాళ్లకి, వేరే అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోన్లు ఇవ్వడమే మంచిదని వైద్యులు చెబుతారు. ఎముకలకీ గుండెకీ అది రక్ష. పిన్నికి ఆ పదకొండేళ్లూ వట్టినే పోయాయి. ఇది రాస్తుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికి వెళ్లి పాత కాగితం నకలు అడగండి. అది మీ హక్కు.

ఇక గదిలోకి వెళ్లాక మొదటి మాట. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మోకాళ్ల నొప్పితో మొదలెట్టాను. తర్వాత బీపీ, తర్వాత అరుగుదల. ఆవిర్ల సంగతి లేచి నిలబడి, చీటీ చేతిలోకి తీసుకుంటూ చెప్పాను. "ఈ వయసులో మామూలేనమ్మా" అన్నారు. కాల్షియం మాత్రలు, నిద్రమాత్రలు పట్టుకుని ఇంటికొచ్చాను. రెండోసారి ఇంకో డాక్టరు దగ్గర, ఇంట్లో నాలుగుసార్లు పైకి చదువుకుని వెళ్లి ఇలా చెప్పాను:

"డాక్టరు గారూ, నాకు 51 ఏళ్లు. ముట్లు ఆగి రెండేళ్లయింది. గర్భసంచి ఉంది. మూడు వారాలుగా రాసి చూశాను, రాత్రికి నాలుగుసార్లు ఆవిర్లతో లేస్తున్నాను. బడిలో పాఠం చెబుతుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. హార్మోన్ చికిత్స నాకు సరిపోతుందో లేదో చూసి చెప్పండి."

డాక్టరు పెన్ను కింద పెట్టి నా నోట్‌బుక్ తీసుకున్నారు.

మీ వయసు, మీ లెక్కలు పెట్టి ఇదే మాట రాసుకోండి. తోడుగా ఆయనో, అబ్బాయో, కోడలో వస్తే మంచిదే, కానీ జవాబులు మీరే చెప్పాలి. కింద పొడిబారడం, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో మంట లాంటివి వాళ్ల ముందు నోరు పెగలకపోతే "కాసేపు బయట కూర్చోండి" అనండి. ఈ బాధలకి లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ ఉంది. అది ఒంట్లోకి చాలా తక్కువ చేరుతుంది. సిగ్గుతో చెప్పక ఏళ్లకేళ్లు మంట భరించేవాళ్లు మన మధ్య ఎంతమంది ఉన్నారో.

"హార్మోన్లా? క్యాన్సర్ వస్తుంది" అనే మాట మీరూ వినే ఉంటారు. దాని మూలం అమెరికాలో 2002లో మధ్యలో ఆపేసిన విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరిశోధన. రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్లలో ఏడాదికి 10,000 మందికి 38 రొమ్ము క్యాన్సర్లు కనిపించాయి, వాడనివాళ్లలో 30. అంటే 8 ఎక్కువ. ఆ 8 మందిని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ పరిశోధనలో చేరినవాళ్ల సగటు వయసు 63. గర్భసంచి తీసేయడంతో ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. 60 లోపు, లేదా ముట్లు ఆగిన పదేళ్ల లోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకి సాధారణంగా నష్టం కంటే లాభమే ఎక్కువని తర్వాత తేలింది.

అయినా అందరికీ కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం, గుండెపోటు వచ్చినవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం అవుతున్నవాళ్లు ఈ సంగతి మొదటి నిమిషంలోనే చెప్పాలి. దాచారంటే ప్రాణం మీదికి వస్తుంది. వీళ్లకి హార్మోన్ లేని మందులూ ఉన్నాయి, అవి అడగండి.

డాక్టరు బీపీ చూసి, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), గర్భసంచి స్కానింగ్, షుగరు, కొలెస్టరాల్, థైరాయిడ్ రాయవచ్చు. థైరాయిడ్ తేడా ఉన్నా చెమటలు, దడ వస్తాయి కనుక ఆ పరీక్ష దండగ కాదు. 45 దాటి ముట్లు ఆగినవాళ్లకి హార్మోన్ల రక్తపరీక్ష మాత్రం మామూలుగా అక్కర్లేదు. రాస్తే ఎందుకో మర్యాదగా అడగండి. బరువెక్కువ ఉన్నవాళ్లు, రక్తం గడ్డకట్టే భయం ఉన్నవాళ్లు "మాత్ర బదులు చర్మానికి రాసుకునే జెల్ నాకు మేలా?" అని అడగాలి. జెల్‌తో ఆ భయం తక్కువ.

లేచే ముందు: మళ్లీ ఎప్పుడు రావాలి? సాధారణంగా మూడు నెలలకి, కుదుటపడ్డాక ఏడాదికోసారి. మొదటి నెలల్లో కాస్త రక్తం కనిపించవచ్చు. ఆరు నెలలు దాటినా కనిపిస్తే, లేక ఆగిపోయి మళ్లీ మొదలైతే అపాయింట్‌మెంట్ రోజు కోసం ఆగకండి. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరి అందకపోయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ వారం పని: పైన నేను చెప్పిన మాటని మీ లెక్కలతో ఒక కాగితం మీద రాసి, మీకు దగ్గరైన అక్కకో వదినకో మూడుసార్లు చదివి వినిపించండి. పాత ఆపరేషన్ కాగితాలు, ఇప్పుడు వాడుతున్న మందుల అట్టలు ఒకే సంచీలో వేసి ఉంచండి. వచ్చే పాఠంలో మందుల చీటీ ఎలా చదవాలో చూద్దాం. అప్పటికి చీటీ చేతికొచ్చినవాళ్లు దాన్ని దగ్గర పెట్టుకోండి.