ట్యాంకు మోడల్‌కు సరైన రంగు ఎంచుకోవడం ఎలా?

కొన్నేళ్ల క్రితం ఎంతో ముచ్చటపడి ఒక పాంథర్ ట్యాంకు మోడల్‌కు ముదురు బూడిద రంగు వేశాను. జర్మన్ ట్యాంకు అంటే బూడిద రంగే కదా అన్న ధీమా. మూడు రాత్రులు కూర్చుని పూర్తిచేసిన ఆ మోడల్‌ని ఒక మిత్రుడు చేతిలోకి తీసుకుని, ‘ఇది ఏ నెలలో తయారైన బండి?’ అని మాత్రం అడిగాడు. పాంథర్ల ఉత్పత్తి మొదలైంది 1943 జనవరిలో. ఆ మరుసటి నెలలోనే జర్మన్ సైన్యం బూడిద రంగును వదిలి ముదురు పసుపుకు మారింది. పాంథర్లు తొలిసారి పెద్ద యుద్ధంలోకి దిగింది జులైలో, కుర్స్క్ దగ్గర. కాబట్టి నా బూడిద పాంథర్‌కు ఆ యుద్ధభూమిలో చోటు లేదు. రంగు చక్కగానే పట్టింది, తేదీ మాత్రం తప్పింది.

అప్పటినుంచి ఏ కిట్ తెరిచినా రంగు సీసాల జోలికి వెళ్లే ముందు కొంత పని చేసుకుంటున్నాను. ఆ వరుసలోనే చెబుతాను.

1. ముందు బండిని, చోటును, నెలను తేల్చుకోండి

‘షెర్మన్ ట్యాంకు ఏ రంగు?’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ‘1944 జూన్‌లో నార్మండీలో ఉన్న బ్రిటిష్ షెర్మన్ ఏ రంగు?’ అంటే జవాబు వెతకవచ్చు. ఒక కాగితం మీద నాలుగు వివరాలు రాసుకోండి: ఏ దేశపు సైన్యం, ఏ రకం ట్యాంకు, ఎక్కడ, ఎప్పుడు.

ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పొసగాలి. టైగర్ ట్యాంకుల ఉత్పత్తి 1942 ఆగస్టులో మొదలైంది. అందుకే లెనిన్‌గ్రాడ్ వైపు వెళ్లిన తొలి టైగర్లకు బూడిద రంగు సరిపోతుంది, 1944 నాటి టైగర్‌కు సరిపోదు. మీ కిట్‌లోని భాగాలు కూడా కాలాన్ని చెబుతాయి. ఉదాహరణకు, అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా జర్మన్ ట్యాంకుల పైన పూసిన జిమ్మెరిట్ అనే గరుకు పూత 1943 ద్వితీయార్ధంలో వచ్చింది, 1944 సెప్టెంబర్‌లో ఆగిపోయింది. మీ మోడల్ మీద ఆ పూత గీతలు ఉంటే పూర్తి బూడిద రంగు ఆలోచన అక్కడే మానుకోవచ్చు.

2. ఆ సైన్యం ఏ ఉత్తర్వు ప్రకారం రంగు వేసిందో చూడండి

ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. సైన్యాలు తమకు తోచినట్టు రంగులు వేయలేదు. నంబర్లతో కూడిన పట్టికలు, వాటిని ఎప్పుడు ఎలా వాడాలో చెప్పే ఉత్తర్వులు ఉండేవి.

జర్మన్ రంగులకు ఆధారం రాల్ పట్టిక. 1927లో 40 రంగులతో మొదలైన ఈ ప్రమాణం ఇప్పటికీ వాడుకలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన నాటికి జర్మన్ ట్యాంకులు పూర్తిగా బూడిద రంగులో లేవన్న సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ముదురు బూడిద మీద మూడో వంతు మేర ముదురు గోధుమ రంగు మచ్చలు ఉండేవి. రెండు రంగులూ ఎంత ముదురంటే, నలుపు తెలుపు ఫొటోల్లో ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీయడం కష్టం. అందుకే దశాబ్దాలపాటు మోడలర్లు 1939 నాటి పోలండ్ దాడి ట్యాంకులను కూడా ఒకే బూడిద రంగులో ముంచేశారు. మొత్తం బూడిదగా ఉంచమన్న ఉత్తర్వు 1940 వేసవిలో వచ్చింది. ఆ బూడిద రాల్ 7021.

1943 ఫిబ్రవరి నుంచి మూల రంగు డుంకెల్‌గెల్బ్, అంటే ముదురు పసుపు, రాల్ 7028. దాని మీద వేసుకోవడానికి ఆకుపచ్చ 6003, ఎర్ర గోధుమ 8017 రంగులను చిక్కటి ముద్దగా డబ్బాల్లో దళాలకు పంపేవారు. సిబ్బంది దాన్ని పెట్రోలుతోనో నీళ్లతోనో పలచన చేసి, పిచికారీ యంత్రం ఉంటే దానితో, లేకపోతే కుంచెతో పూసేవారు. నీళ్లు కలిపిన పూత వానకు కారిపోయేది. ఒకే దళంలో రెండు ట్యాంకుల మచ్చలు ఒకలా లేకపోవడానికి కారణం ఇదే. కాబట్టి 1943 నాటి బండి మీద మచ్చలు కొంచెం చేత్తో పూసినట్టుగా, కొంచెం పలచగా ఉండటమే సబబు. 1944 శరత్తు నుంచి మచ్చలను కర్మాగారాల్లోనే వేయడం మొదలైంది, అప్పటి అంచులు గట్టిగా, స్పష్టంగా ఉంటాయి.

బ్రిటిష్ వాళ్ల కథ వేరు. ఆకుపచ్చ రంగుకు కావలసిన క్రోమియం ఆక్సైడ్ కొరత వల్ల వాళ్లు యుద్ధం మధ్యలో గోధుమ రంగుకు మారారు. ఎస్‌సీసీ 2 అని దాని పేరు. 1944 ఏప్రిల్‌లో ఎస్‌సీసీ 15 అనే ఆలివ్ రంగు వచ్చింది. అమెరికా నుంచి వచ్చే బండ్లకు మళ్లీ రంగు వేసే శ్రమ తప్పించుకోవడం అందులో ఒక ఉద్దేశం. పాత గోధుమ రంగు బండ్లన్నీ రాత్రికి రాత్రి మారిపోలేదు కనుక నార్మండీలోని చర్చిల్ ట్యాంకుకు ఈ రెండింటిలో ఏదైనా సరైనదే కావచ్చు. ఏదని తేల్చడానికి ఆ దళం ఫొటోలే దిక్కు.

అమెరికా సైన్యం వాడిన ఆలివ్ డ్రాబ్ అనే రంగు నలుపు, పసుపు మట్టి రంగుల కలయిక. ఇది తెలిశాక నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. ఎండకు అది గోధుమ వైపు ఎందుకు జరుగుతుందో, ఒక ఫొటోలో ఆకుపచ్చగా, మరొక దానిలో మట్టి రంగులో ఎందుకు కనిపిస్తుందో. 1956 తర్వాతి అమెరికా బండ్లకు ఎఫ్‌ఎస్ 595 పట్టిక ఉంది. 2017లో దాన్ని రద్దుచేసి వేరే ప్రమాణం తెచ్చినా మోడలర్లు పాత నంబర్లే వాడుతున్నారు. ఆ నంబర్లను చదవడం తేలిక. అయిదంకెల్లో మొదటిది మెరుపును చెబుతుంది: 1 అంటే నిగనిగ, 2 అంటే మధ్యస్థం, 3 అంటే మెరుపు లేనిది. రెండోది రంగు కుటుంబం: 0 గోధుమ, 3 పసుపు, 4 ఆకుపచ్చ, 7 నలుపు తెలుపుల వంటివి. కాబట్టి 34094 అంటే మెరుపు లేని ఆకుపచ్చ, 30051 మెరుపు లేని గోధుమ, 37030 మెరుపు లేని నలుపు. నాటో మూడు రంగుల అమరికలో అమెరికా వాడిన మూడూ ఇవే. జర్మన్ లెపర్డ్ 2 మీద అదే తరహా అమరిక కనిపించినా దాని రంగులు వేరు: రాల్ 6031, 8027, 9021. ‘నాటో గ్రీన్’ అని రాసి ఉన్న ఒకే సీసా అమెరికా అబ్రమ్స్ ట్యాంకుకూ లెపర్డ్‌కూ పనికొస్తుందనుకుంటే రెండింటిలో ఒకదానికి అన్యాయం జరుగుతుంది.

ఒక హెచ్చరిక. పాత పేరు, నేటి పేరు ఒకటి కాకపోవచ్చు. యుద్ధకాలపు ‘ఎర్ర గోధుమ’ 8017ను ఇప్పటి రాల్ పట్టికలో చాక్లెట్ గోధుమ అంటున్నారు. ‘ముదురు బూడిద’ 7021 ఇప్పుడు ‘నల్ల బూడిద’. పేరును పక్కనపెట్టి నంబర్‌ను పట్టుకోండి.

3. ఫొటోలు చూడండి, కానీ నమ్మేసి కాదు

నలుపు తెలుపు ఫొటో రంగు ఏదో చెప్పదు, లేతదో ముదురుదో మాత్రమే చెబుతుంది. అది కూడా నమ్మకంగా కాదు. ఎరుపు కాంతిని పట్టుకోలేని ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును దాదాపు నల్లగా, నీలాన్ని తెల్లగా చూపిస్తుంది. పక్కనే మనకు తెలిసిన వస్తువు ఏదైనా ఉంటే, సైనికుడి యూనిఫామ్, టైరు రబ్బరు, తెల్లటి నంబరు, వాటితో పోల్చి చూడటమే మార్గం. ఆ కాలపు రంగుల ఫొటోలు అరుదు. ఉన్నవాటిలో చాలా వాటి రంగులు ఏళ్ల తరబడి వెలిసి ఒక వైపుకు ఒరిగిపోయాయి. ఇటీవల కంప్యూటర్‌తో రంగులద్దిన ఫొటోలను మాత్రం అసలు లెక్కలోకి తీసుకోవద్దు. ఆ రంగు అద్దినవారి ఊహ, అంతే.

మ్యూజియం ట్యాంకు కూడా సాక్ష్యం కాదు. చాలా బండ్లకు యుద్ధం తర్వాత పలుసార్లు రంగు వేశారు. ఉత్తర ఆఫ్రికాలో 1940, 41 కాలంలో బ్రిటిష్ వాళ్లు వాడిన కాంటర్ అమరిక దీనికి మంచి ఉదాహరణ. వాలు గీతలతో కనిపించే ఆ అమరికలో ఒక రంగు ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద. కానీ చాలా ఏళ్లు దాన్ని లేత నీలంగా చిత్రించారు, మోడలర్లు అలాగే వేశారు. ఇప్పటికీ ఆ నీలి మటిల్డా ట్యాంకులు అక్కడక్కడా కనిపిస్తాయి. మ్యూజియానికి వెళ్తే పైపూతను చూడకండి. పనిముట్ల కొక్కేల వెనక, మూతల లోపలి అంచుల్లో, పెచ్చు లేచిన చోట్ల కింది పొరలు చూడండి.

4. సీసా పేరుకు కాదు, ఎండిన రంగుకు విలువ ఇవ్వండి

మోడల్ రంగులు అమ్మే కంపెనీల్లో తమియా (ఎక్స్‌ఎఫ్-60), వల్లెయో, ఏకే, అన్నిటిలోనూ ‘ముదురు పసుపు’ ఉంది. మూడింటినీ ఒకే చెంచా మీద పట్టీలుగా పూసి చూడండి, మూడు ఎడారులు కనిపిస్తాయి. ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఇసుకకు, మరొకటి బూడిదకు జరుగుతుంది. ఎవరిది సరైనదని గంటలకొద్దీ వాదించుకునేవారున్నారు. వాళ్ల ఓపికకు దండం పెట్టి మనం పరీక్ష చేసుకుందాం.

తెల్లటి ప్లాస్టిక్ చెంచాలు కొన్ని తీసుకోండి. మీ మోడల్‌కు రంగు కంటే ముందు వేసే తొలి పూతనే, అంటే ప్రైమర్‌నే, వాటికీ వేయండి, ఎందుకంటే నల్ల ప్రైమర్ మీద పలుచని పసుపు ఆకుపచ్చగా మారుతుంది. మోడల్‌కు ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న పరికరం) వాడేటట్లయితే చెంచాకూ అదే వాడండి. పూర్తిగా ఆరేదాకా, వీలైతే ఒక రోజు, ఆగండి. తడిగా ఉన్నప్పటి రంగు, ఆరిన రంగు ఒకటి కావు. ఆ తర్వాత సగం చెంచాకు మెరుపు లేని వార్నిష్ వేయండి. ఆ సగం కొంచెం లేతబడటం మీరే గమనిస్తారు. చెంచా వెనక సీసా నంబరు, పలచన పాళ్లు రాసిపెట్టుకోండి.

అచ్చయిన రంగు పట్టిక ఉంటే చెంచాను దాని పక్కన పెట్టి పోల్చండి. ఫోను తెర మీది రంగుతో పోల్చడం దండగ. వెలుతురు విషయంలో పట్టుదలగా ఉండండి. పసుపు బల్బు కింద అచ్చంగా ఒకటే అనిపించిన రెండు పూతలు పగటి వెలుగులో విడిపోతాయి. రెండు రంగుల్లోని పదార్థాలు వేరైనప్పుడు ఇలా జరుగుతుంది. కిటికీ దగ్గర మబ్బు పట్టిన రోజు వెలుగు మంచిది. దీపమే వాడాలంటే 5000 నుంచి 6500 కెల్విన్ మధ్య ఉన్నది ఎంచుకోండి.

5. చిన్న బండికి రంగు కొంచెం లేతగా

‘స్కేల్ ఎఫెక్ట్’ అన్న మాట మీకు ఎక్కడో తగిలే ఉంటుంది. అసలు రంగునే మోడల్‌కు వేస్తే మరీ ముదురుగా కనిపిస్తుందని, తెలుపు కలపాలని దాని సారం. దూరంలోని గాలి వల్ల రంగు వెలిసినట్టు కనిపిస్తుందని కారణం చెబుతారు. నాకు ఆ కారణం నచ్చదు. 1/35 మోడల్‌ను, అంటే అసలు బండిలో ముప్పై అయిదో వంతు ఉన్నదాన్ని, 30 సెంటీమీటర్ల నుంచి చూడటం అంటే అసలు ట్యాంకును పదిన్నర మీటర్ల నుంచి చూడటమే. పది మీటర్ల గాలి ఏ రంగునూ వెలిసేలా చేయదు. అసలు తేడా వెలుతురుది. ఎండలో లక్ష లక్స్ దాకా వెలుగు పడుతుంది, గదిలో కొన్ని వందలే. ఎండలో ఆలివ్‌గా కనిపించే రంగు గదిలో నల్లబడుతుంది.

కారణం ఏదైనా, లేతచేయడం మాత్రం పనిచేస్తుంది. తెలుపు మాత్రం కలపకండి, రంగు సున్నం కలిపినట్టు పాలిపోతుంది. ఆలివ్‌కూ ఆకుపచ్చలకూ ఇసుక రంగు లేదా లేత పసుపు, జర్మన్ బూడిదకు లేత బూడిద చుక్కలుగా కలపండి. 1/35కు పదో వంతు దగ్గర మొదలుపెట్టి, 1/72కు ఇంకొంచెం పెంచండి. ఇది లెక్క కాదు, కంటి అంచనా. తమియా జర్మన్ గ్రే ఎక్స్‌ఎఫ్-63ను సీసాలోంచి నేరుగా వేస్తే గీతలు, మేకులు అన్నీ చీకట్లో కలిసిపోతాయి. దానికి మాత్రం పదో వంతు చాలదు.

6. తర్వాత వేయబోయే పొరలను ముందే లెక్కలో పెట్టండి

మూల రంగే ఆఖరి రంగు కాదు. సందుల్లో పారే ముదురు వాష్, ఛాయ మార్చే ఫిల్టర్, బురద, అన్నీ బండిని ముదురు చేస్తాయి. దుమ్ము, మెరుపు లేని వార్నిష్ లేత చేస్తాయి. మీరు గట్టిగా బురద పూసేవారైతే మూల రంగును కావాలనే ఇంకొక మెట్టు లేతగా ఉంచండి. చలికాలపు సోవియట్ టి-34 లాంటి బండికి అయితే కింది ఆకుపచ్చ 4బీఓ గురించి మరీ తలపట్టుకోనక్కరలేదు. పైన తెల్లటి సున్నం పూత పడుతుంది, అంచుల్లో అరిగిన చోట్ల మాత్రమే ఆకుపచ్చ బయటపడుతుంది.

ఈ పొరలన్నీ కూడా చెంచా మీదే ముందు వేసి చూడండి. నాకు ఇది చాదస్తంగా అనిపించిన రోజులుండేవి. ఒక పూర్తి మోడల్‌ను థిన్నర్‌తో తుడిచి మళ్లీ మొదలుపెట్టాక అలా అనిపించడం మానేసింది.

రంగు ఖాయమయ్యాక కావలసిన దానికి రెట్టింపు కలిపి, మూత గట్టిగా బిగించే చిన్న సీసాలో పోసి ఉంచండి. గుర్తులు, నంబర్లున్న స్టిక్కర్ లాంటి డెకాల్ అంటిస్తున్నప్పుడో, చక్రాలు బిగిస్తున్నప్పుడో ఎక్కడో ఒకచోట పూత గీసుకుపోతుంది. అప్పుడు అదే మిశ్రమాన్ని కొత్తగా కలపబోతే రెండోసారి అచ్చంగా అదే ఛాయ రాదు. ఆ సీసా మీద బండి పేరు, నెల, పాళ్లు రాసి అంటించండి. నా దగ్గర అలాంటి సీసాల వరుసలో మొదటిదాని మీద ‘పాంథర్, 1943 జులై, కుర్స్క్’ అని ఉంటుంది. లోపల ఉన్నది పసుపు.