తెలియని బాక్టీరియాను వర్గీకరించడం: ప్లేటు మీది కాలనీ నుంచి జాతి పేరు దాకా

అగార్ ప్లేటు మీద పేరు తెలియని బాక్టీరియా ఒకటి పెరిగి ఉందనుకుందాం. అదేమిటో తేల్చే పనికి దిగేముందు, వర్గీకరణ, నామకరణం, గుర్తింపు అనేవి మూడు వేర్వేరు పనులని గ్రహించాలి. జీవులను వాటి మధ్య ఉన్న బంధుత్వాన్ని బట్టి గుంపులుగా అమర్చడం వర్గీకరణ. ఆ గుంపులకు నియమావళి ప్రకారం పేర్లు పెట్టడం నామకరణం. చేతిలో ఉన్న జీవి ఇదివరకే ఉన్న గుంపుల్లో దేనికి చెందుతుందో నిర్ధారించడం గుర్తింపు. ప్రయోగశాలలో ఎక్కువగా జరిగేది మూడోదే. ఏ గుంపులోనూ ఇమడని జీవి దొరికినప్పుడే మొదటి రెండింటి అవసరం పడుతుంది. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లనే కొందరు విద్యార్థులు ఒక్క పరీక్షలో రంగు మారగానే జాతి పేరు రాసేస్తారు.

పూర్తి వర్గీకరణ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణలో చూద్దాం. మన పేగుల్లో ఉండే ఎశ్చరీషియా కోలై, అన్నిటికంటే పెద్ద విభాగాలైన డొమైన్లలో బాక్టీరియా అనే డొమైన్‌కు, సూడోమొనడోటా వర్గానికి, గామాప్రోటియోబాక్టీరియా తరగతికి, ఎంటరోబాక్టీరేలీస్ క్రమానికి, ఎంటరోబాక్టీరియేసీ కుటుంబానికి, ఎశ్చరీషియా ప్రజాతికి చెందుతుంది. పేరు చివరి అక్షరాలే స్థాయిని చెబుతాయి: ‘ఓటా’ అంటే వర్గం, ‘ఏలీస్’ అంటే క్రమం, ‘ఏసీ’ అంటే కుటుంబం. జాతిని రెండు పదాలతో (ముందు ప్రజాతి పేరు, తరువాత జాతిని చెప్పే పదం) పిలిచే పద్ధతిని స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మొక్కలకు, 1758లో జంతువులకు క్రమబద్ధంగా వర్తింపజేశాడు. సూక్ష్మజీవుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆయనకూ చేయి తిరగలేదు. కంటికి ఆనని జీవుల్లో చాలావాటిని ‘కేయాస్’, అంటే గందరగోళం, అనే ప్రజాతిలో చేర్చాడు. అంతకంటే నిజాయితీ గల పేరు దొరకడం కష్టం.

మొదటి మెట్టు శుద్ధ వర్ధనం, అంటే ఒకే జీవి మాత్రమే పెరిగేలా చేయడం. లూప్ (చివర ఉంగరంలా వంచిన తీగ)తో కొద్దిగా తీసి ప్లేటు మీద ఒక మూల గీయాలి. లూప్‌ను కాల్చి చల్లార్చి, ఆ గీతల అంచు నుంచి రెండో భాగంలోకి, మళ్ళీ కాల్చి మూడో భాగంలోకి, ఆపైన నాలుగో భాగంలోకి లాగాలి. చివరి భాగంలో విడివిడిగా లేచిన కాలనీల్లో ఒకదాన్ని తీసుకొని కొత్త ప్లేటు మీద ఇదే పని మళ్ళీ చేయాలి. కనీసం రెండు మూడు సార్లు ఇలా చేసి, ప్రతిసారీ ఒకే రకం కాలనీలు వస్తేనే ముందుకు వెళ్ళాలి. ఇక్కడ ఆదా చేసిన రెండు రోజులకు తరువాత రెండు వారాలు చెల్లించుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే రెండు జీవులు కలిసిన వర్ధనం ప్రతి పరీక్షలోనూ ఏదో ఒక ఫలితం ఇస్తూనే ఉంటుంది గానీ ఆ ఫలితాలన్నీ కలిసి ఏ ఒక్క జీవినీ సూచించవు.

తరువాతది గ్రామ్ స్టెయిన్. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన ఈ పద్ధతి నేటికీ మొదటి విభజనకు పనికొస్తోంది. స్లైడ్ మీద పలుచగా పరిచి, ఆరబెట్టి, మంట మీదుగా రెండు మూడు సార్లు పోనిచ్చిన పొరకు ఒక నిమిషం క్రిస్టల్ వయొలెట్, కడిగాక ఒక నిమిషం అయోడిన్ పట్టించాలి. ఆపైన స్లైడ్‌ను వాలుగా పట్టుకొని ఆల్కహాల్‌ను చుక్కలు చుక్కలుగా జారనివ్వాలి. అసలు కష్టమంతా ఈ కొద్ది సెకన్లలోనే ఉంది: జారే ద్రవంలో ఊదా రంగు పోయిన క్షణంలోనే నీళ్ళతో కడగాలి, ఆలస్యమైతే ఊదా రంగును నిలుపుకోవాల్సిన గ్రామ్ పాజిటివ్ కణాలు కూడా దాన్ని వదిలేస్తాయి. చివరగా సాఫ్రనిన్ పట్టిస్తే, మందమైన పెప్టిడోగ్లైకాన్ కణకవచం ఉన్నవి ఊదాగానే ఉండిపోతాయి; పలుచని కవచం, దాని వెలుపల మరో పొర ఉన్నవి, అంటే గ్రామ్ నెగటివ్ కణాలు, గులాబీ రంగుకు మారతాయి. అదే స్లైడ్ మీద ఒక పక్క గ్రామ్ పాజిటివ్ అని తెలిసిన స్టాఫిలోకాకస్ ఆరియస్‌ను, మరో పక్క గ్రామ్ నెగటివ్ అని తెలిసిన ఎశ్చరీషియా కోలైని కూడా పరిచి రంగు వేస్తే, తప్పు చేతిదో జీవిదో వెంటనే తెలిసిపోతుంది. వర్ధనం వయసు 18 నుంచి 24 గంటల మధ్య ఉండటం మంచిది, ఎందుకంటే ముదిరిన గ్రామ్ పాజిటివ్ కణాలు గులాబీ రంగులో కనిపించి దారి తప్పిస్తాయి.

రంగుతోపాటు ఆకారం, కణాల అమరిక, సిద్ధబీజాలు, చలనం కూడా నమోదు చేయాలి. అయితే వాటిని బంధుత్వానికి ఆధారాలుగా తీసుకోకూడదు. ఫెర్డినాండ్ కోన్ 1872లో ప్రతిపాదించిన వర్గీకరణ ప్రధానంగా ఆకారం మీద నిలబడింది, ఎందుకంటే ఆ కాలంలో చూడటానికి అంతకుమించి ఏమీ లేదు. గోళాకారం అనేది ఒకదానికొకటి సంబంధం లేని ఎన్నో వంశాల్లో కనిపిస్తుంది. డైనోకాకస్ అనే గోళాకార బాక్టీరియా గ్రామ్ పాజిటివ్‌గా రంగు పట్టుకున్నా, స్టాఫిలోకాకస్ ఉన్న వర్గానికి చెందదు, పైగా దానికి వెలుపలి పొర కూడా ఉంది.

జీవరసాయన పరీక్షల్లో కాటలేజ్, ఆక్సిడేజ్ అనే ఎంజైముల పరీక్షలు, చక్కెరల కిణ్వనం వంటివి ప్రజాతి స్థాయికి బాగా దగ్గర చేస్తాయి. గ్రామ్ పాజిటివ్ గోళాకార కణాలైతే, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కాలనీని కలిపినప్పుడు బుడగలు పొంగితే స్టాఫిలోకాకస్ వైపు, పొంగకపోతే స్ట్రెప్టోకాకస్ వైపు ఆలోచించాలి. రక్తం కలిపిన అగార్ నుంచి కాలనీ తీసేటప్పుడు అగార్ ముక్క అంటుకుంటే, ఎర్రరక్తకణాల్లోని కాటలేజే బుడగలు పొంగిస్తుంది. నిక్రోమ్ అనే లోహపు లూప్ కూడా తప్పుడు ఫలితం ఇవ్వవచ్చు కాబట్టి, దానికి బదులు చెక్క పుల్ల వాడటం ఇలాంటి జాగ్రత్తే.

ఇంతవరకూ చేసినది గుణాల చిట్టా మాత్రమే. వంశం తెలియాలంటే జన్యువులను అడగాలి. ప్రతి కణంలోనూ ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు ఉంటాయి కాబట్టి, వాటి ఆర్.ఎన్.ఎ. అనుక్రమాన్ని ఏ రెండు జీవుల మధ్యనైనా పోల్చవచ్చు. కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో ఈ పోలికతోనే, చూపుకు బాక్టీరియాలాగే ఉన్న కొన్ని మీథేన్ ఉత్పత్తి చేసే జీవులు వేరే వంశానికి చెందినవని చూపారు. వాటినే ఇప్పుడు ఆర్కియా అంటున్నాం. బాక్టీరియా, ఆర్కియా, యూకేరియా అనే మూడు డొమైన్ల ప్రతిపాదన 1990లో వచ్చింది.

ఆచరణలో, జీవి డి.ఎన్.ఎ. తీసి, అందులో రైబోసోము ఆర్.ఎన్.ఎ.కు చెందిన 16ఎస్ అనే జన్యువును పీసీఆర్ (డి.ఎన్.ఎ. ముక్కకు లెక్కలేనన్ని ప్రతులు తీసే పద్ధతి)తో పెంచి, సీక్వెన్సింగ్, అంటే దాని అక్షరాల వరుసను చదివించడం, చేయించాలి. ఫలితం రాగానే అక్షరాల వరుసను కాక, దాని వెనక ఉన్న శిఖరాల పటాన్ని చూడాలి: మొదటి కొన్ని పదుల అక్షరాలు ఎప్పుడూ అస్పష్టంగా ఉంటాయి కాబట్టి వాటిని కత్తిరించాలి, మధ్యలో ఒకే చోట రెండు శిఖరాలు పదేపదే కనిపిస్తే వర్ధనం శుద్ధంగా లేదేమోనని అనుమానించాలి. సాధారణ డేటాబేస్‌లలో తప్పు పేర్లతో చేరిన అనుక్రమాలు ఉంటాయి కనుక, జాతులకు ప్రామాణికమైన టైప్ స్ట్రెయిన్లతోనే పోల్చుకోవాలి. జన్యువు పొడవు సుమారు 1,500 అక్షరాలు. అత్యంత దగ్గరి టైప్ స్ట్రెయిన్‌తో పోలిక 98.7 శాతం కంటే తక్కువైతే, అంటే దాదాపు 20 అక్షరాలకు మించి తేడా ఉంటే, అది కొత్త జాతి కావచ్చు.

పోలిక ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఒకే జాతి అయిపోదు. బాసిల్లస్ సీరియస్, బాసిల్లస్ ఆంత్రాసిస్, బాసిల్లస్ తురింజియెన్సిస్ జాతుల్లో ఈ జన్యువు దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకటి ఆంత్రాక్స్ వ్యాధిని కలిగించడానికి, మరొకటి పురుగులను చంపడానికి కారణమైన జన్యువులు ప్రధానంగా ప్లాస్మిడ్ల (ప్రధాన క్రోమోసోముకు విడిగా ఉండే చిన్న డి.ఎన్.ఎ. ముక్కల) మీద ఉన్నాయి. ఇలాంటి చోట మొత్తం జన్యురాశిని సీక్వెన్స్ చేసి, రెండు జీవుల మధ్య సగటు న్యూక్లియోటైడ్ పోలికను లెక్కించాలి. అది 95 నుంచి 96 శాతానికి పైన ఉంటే సాధారణంగా ఒకే జాతిగా పరిగణిస్తారు. ఈ కొలత ప్రకారం విరేచనాల వ్యాధి కలిగించే షిగెల్లా, ఎశ్చరీషియా కోలై ఒకటే జాతి కావాలి. అయినా వైద్యుల వాడుక చెదరకూడదని ఆ పేర్లను విడిగానే ఉంచారు. నా ఉద్దేశంలో అది సబబే. రోగి పక్కన నిలబడి చదివే పేరు వంశవృక్షం కోసం రాత్రికి రాత్రే మారిపోకూడదు.

జీవి నిజంగానే కొత్తదని తేలితే, దాని టైప్ స్ట్రెయిన్‌ను కనీసం రెండు వేర్వేరు దేశాల్లోని వర్ధన భాండాగారాల్లో భద్రపరచి, లాటిన్ రూపంలో పేరును, ఆ పేరు వ్యుత్పత్తిని, జీవి లక్షణాలను ప్రచురించాలి. బాక్టీరియా పేర్ల లెక్క 1980 జనవరి 1 నుంచి కొత్తగా మొదలైంది. ఆనాటి ఆమోదిత జాబితాల్లో లేని పాత పేర్లు చెల్లుబాటు కోల్పోయాయి. ప్రయోగశాలలో పెంచలేని వాటికి ‘కాండిడేటస్’ అనే ఉపసర్గతో తాత్కాలిక పేరు పెడతారు. వైరస్‌లకు రైబోసోములే లేవు కనుక ఈ దారి వాటికి వర్తించదు, వాటి వర్గీకరణను వేరే అంతర్జాతీయ సంఘం చూస్తుంది. శిలీంధ్రాలకైతే 16ఎస్‌కు బదులు ఐటీఎస్ అనే భాగాన్ని చదువుతారు.

పేర్లు స్థిరంగా ఉండవు. 2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 25 ప్రజాతులుగా విడగొట్టారు. ఫర్మిక్యూట్స్ అని చదువుకున్న వర్గం 2021 నుంచి బాసిల్లోటా అయింది. అందుకని నమోదు పుస్తకంలో జాతి పేరు ఒక్కటే రాసి ఊరుకోకుండా, పక్కనే స్ట్రెయిన్ సంఖ్య, పోల్చిన డేటాబేస్ పేరు, పోల్చిన తేదీ, వచ్చిన శాతం కూడా రాసిపెట్టాలి. పదేళ్ళ తరువాత ఆ పేజీ తెరిచినవారికి పేరు మారిపోయి ఉన్నా జీవి దొరుకుతుంది.