దూరదేశంలో కూర్చుని కోనసీమ బొమ్మ: ముందు నెల, తర్వాత మనుషులు

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కూర్చుని అమ్మమ్మగారి ఊరు బొమ్మ వేయాలంటే ముందు తేల్చుకోవాల్సింది మొహాలు కాదు, నెల. నెల తేలితే చేను రంగు, కాలవలో నీళ్లు, మనుషుల చేతిలో పని వాటంతటవే కుదురుతాయి. తేల్చకుండా మొదలెడితే సంక్రాంతి ముగ్గు వెనక బంగారంలా పండిన చేను వచ్చి కూర్చుంటుంది. క్యాలెండర్‌కి అది చాలు. డెల్టాలో మాత్రం సంక్రాంతికి సార్వా (వానాకాలపు వరి) కోతలు అయిపోయి చేలల్లో మోళ్లో, మినుమో, దాళ్వాకి (రెండో పంట వరికి) నారు పోసిన ఆకుమళ్లో ఉంటాయి.

సార్వా ఊడ్పులు ఎక్కువగా జూలై, ఆగస్టుల్లో, కోతలు నవంబరు, డిసెంబరుల్లో. వరద రోజుల్లో గోదావరి ఎర్రగా ఉంటుంది: ఎల్లో ఆకర్‌లో (మట్టి పసుపు) కాస్త బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), తెలుపు కలిపితే దగ్గరకొస్తుంది. చలికాలంలో ఆ రంగు వేస్తే తప్పు, అప్పుడు నీరు బూడిద కలిసిన ఆకుపచ్చ. దాళ్వా అయ్యాక వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి మే నెల బొమ్మలో నిండు కాలవ పెట్టకండి.

నేల బల్లపరుపు. పాపికొండలు రాజమండ్రికి ఎగువన ఉన్నాయి, అమలాపురం చేల వెనక వాటికి పని లేదు. అక్కడ కనిపించేది కొబ్బరితోటల గీత, దాని మీద తేమకి తెల్లబారిన ఆకాశం. 24 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు కాన్వాస్ మీద ఆకాశం నేలని తాకే గీతని కింద నుంచి 5 లేక 6 అంగుళాల్లో పెట్టండి. నిలబడి చూస్తున్నట్టు వేస్తే, మీ ఎత్తు మనిషి దగ్గరున్నా దూరమున్నా కళ్లు ఆ గీత మీదే పడతాయి. గట్టు మీద నడిచేవాళ్లు గట్టు ఎత్తు మేరకే పైకి లేస్తారు. ఈ ఒక్క లెక్క తప్పితే మనుషులు చేలో నిలబడరు, గాల్లో తేలతారు.

ఫోటోల సంగతి. 4×6 ఫోటోకి జిరాక్స్ తీసి, దాని మీద అరంగుళం గళ్లు గీయండి. కాన్వాస్ మీద 2 అంగుళాల గళ్లు గీస్తే 24×16కి సరిగ్గా సరిపోతుంది. పాత కలర్ ప్రింట్లు చాలావరకు ఎర్రబారి ఉంటాయి, వాటిలోంచి ముఖాల ఆకారం, వెలుగునీడలు తీసుకోండి, రంగు తీసుకోవద్దు. ఫోన్‌తో తీసిన గ్రూప్ ఫోటోలో అంచున ఉన్నవాళ్లు సాగిపోతారు, వాళ్లకి వేరే ఫోటో వెతకండి. తాతగారి ఫోటోలో వెలుగు కుడి నుంచి, నాయనమ్మ ఫోటోలో ఎడమ నుంచి ఉంటే చాలామంది ఒకదాన్ని అద్దంలోలా కుడి ఎడమలు తిప్పేస్తారు. తిప్పితే ఎడమ భుజం మీది పైట కుడికొస్తుంది, చొక్కా జేబు కూడా అటు మారుతుంది. ఫోటోలో మొహం వరకు అలా తిప్పండి, పైట, జేబు మాత్రం తిరిగి సరిచేయండి. మండువా లోగిలిలో కూర్చోబెడితే వెలుగు పైనుంచే కదా, ఈ తంటా సగం తగ్గుతుంది.

ఎక్కువగా తప్పేది ఊడ్పుల దగ్గరే. ఊడ్చేవాళ్లు వెనక్కి నడుస్తారు. కాబట్టి ఊడ్చిన వరసలు వాళ్ల ముందుండాలి, ఇంకా ఊడ్చని దమ్ము (నీళ్లు పెట్టి బురదగా దున్నిన) చేను వాళ్ల వెనక. ఎడమ చేతిలో నారు పిడికిలి, కుడి చెయ్యి బురదలో. వంపు నడుం దగ్గర మొదలవుతుంది, వీపు దాదాపు చదునుగా ఉంటుంది. వీపుని విల్లులా వంచితే ముసలివాళ్లు ఏదో వెతుక్కుంటున్నట్టు తయారవుతుంది. చీర మోకాళ్ల దాకా ఎగదోపి, కాళ్లు బురదలో చీలమండల పైదాకా దిగి ఉండాలి. పాదాలు గీయకండి. నీళ్లు పలచగా ఉంటాయి కనుక ఆకాశం రంగే ముందు పరిచి, అది తడిగా ఉండగానే కాళ్ల నీడల్ని నిలువుగా లాగి, బురద రంగు అక్కడక్కడా తేల్చండి. కోతల బొమ్మలో మాత్రం ఈ నీళ్లు ఉండవు, అప్పటికి చేను ఆరగట్టి ఉంటారు.

ట్యూబులో వచ్చే ఆకుపచ్చలు నేరుగా వాడితే చేను ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. లెమన్ ఎల్లోలో అల్ట్రామెరీన్ (ముదురు నీలం) చిటికెడు చిటికెడుగా కలిపి, చివర బర్న్‌ట్ సియెన్నా తగిలించండి. ఆకుమడికి పసుపు ఎక్కువ, పొట్టమీదున్న (వెన్ను తీయబోయే) చేనుకి నీలం ఎక్కువ. కొబ్బరి మాను గోధుమ రంగు కాదు, బూడిద రంగు. మట్టల ఈనెలు ముందు గీసుకోండి: పై మట్టలు నిటారుగా, నడిమివి అడ్డంగా, కిందివి వేలాడుతూ. మనవైపు వచ్చే మట్ట పొట్టిగా కనిపించాలి, అది వదిలేస్తే చెట్టు విసనకర్ర అయిపోతుంది. కాలవగట్టు చెట్లు నీళ్లవైపు వాలతాయి. తడిసిన గేదె వీపు మీద ఆకాశం మెరుస్తుంది, నల్ల ట్యూబు జోలికి పోవద్దు.

ఆక్రిలిక్ (నీళ్లతో కలిపి వాడే రంగు) ఆరాక ముదురుతుంది. అందుకే ఒంటి రంగు (బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఆకర్, కొంచెం అల్ట్రామెరీన్) ముందు ముక్క కాగితం మీద ఆరబెట్టి చూసి, అప్పుడు మొహానికి వెళ్లండి. చీర మడతలు గీతలో ఎలా ఒదుగుతాయో చూడాలంటే, ఊరొచ్చినప్పుడు రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) ఆర్ట్ గ్యాలరీకి ఒక పూట కేటాయించండి.

బొమ్మని ఊరికి తెచ్చేటట్టయితే రంగువైపు బయటికి వచ్చేలా, లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టండి. మీద బటర్ పేపర్ వేయండి, ప్లాస్టిక్ తగిలితే వేడికి ఆక్రిలిక్ అతుక్కుంటుంది. ఇంటి గోడకి తగిలించేటప్పుడు ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటించి గాలి ఆడనివ్వాలి. వానాకాలంలో గోడ చెమ్మకి కాన్వాస్ వెనక బూజు పడుతుంది.