స్కూబాలో కాళ్లు కిందికి దిగిపోతున్నాయా? ముందు సీసం తగ్గించి చూడండి

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) నా మూడో డైవ్ వీడియో చూసేదాకా నేను చేపలా ఈదుతున్నాననే అనుకున్నాను. చూస్తే నీళ్లలో నిలబడి సైకిల్ తొక్కుతున్నాను! నీళ్లలో మునగడానికి నడుముకి కట్టుకున్న సీసం 7 కిలోలుంది మరి.

ఏది సరిచేయాలన్నా ముందు జబ్బేంటో తెలియాలి. నీళ్లలో బోర్లా పడుకున్నట్టు ఉండి, చేతులు కట్టుకుని, ఫిన్స్ (కాళ్లకి తొడుక్కునే ఈత రెక్కలు) కొట్టడం ఆపి అర నిమిషం కదలకుండా ఉండండి. శరీరం ఎటు ఒరుగుతుందో అదే మీ సమస్య. ఫిన్స్ కొడుతున్నంతసేపూ అది బయటపడదు.

కాళ్లు దిగి, తల పైకి లేస్తోంది

ఎక్కువమందికి ఉండేది ఇదే. కారణం చాలాసార్లు కాళ్లలో ఉండదు, అదనపు బరువులో ఉంటుంది. బరువు ఎక్కువైతే మునిగిపోకుండా బీసీడీలో (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్) గాలి ఎక్కువ నింపుతాం. ఆ గాలి భుజాల వైపు చేరి ఛాతీని పైకి లాగుతుంది, నడుముకున్న సీసం కిందికి లాగుతుంది. ఇంకేముంది, మనిషి నిటారుగా లేస్తాడు.

సరైన బరువు తెలుసుకోవడానికి మంచి సమయం డైవ్ చివర. ట్యాంక్‌లో గాలి పీడనం 50 బార్ ఉండగా, 5 మీటర్ల లోతులో సేఫ్టీ స్టాప్‌లో (పైకి వచ్చే ముందు కాసేపు ఆగే చోటు) బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి మామూలుగా ఊపిరి తీసుకోండి. ఉన్నచోటే నిలిస్తే బరువు సరిపోయినట్టు. మునిగిపోతుంటే బీసీడీలో కాస్త గాలి వేసుకుని స్టాప్ పూర్తి చేయండి, తర్వాతి డైవ్‌కి ఒక కిలో తీసేయండి. ఒకేసారి మూడు కిలోలు తీయకండి, ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పకుండా అసలే వద్దు. డైవ్ మొదట్లో కొంచెం బరువుగా అనిపించడం మామూలే: 80 క్యూబిక్ అడుగుల ట్యాంక్‌లో నిండా ఉన్న గాలే దాదాపు రెండున్నర కిలోలు.

హైదరాబాద్‌లో స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఉప్పునీళ్లు ఎక్కువ తేలుస్తాయి. మనిషి, సామాను కలిపి 90 కిలోలుంటే సముద్రంలో సుమారు 2 కిలోలు అదనంగా కావాలి.

బరువు సరిపోయాక కూడా కాళ్లు దిగుతుంటే అప్పుడు చోటు మార్చాలి. నడుము నుంచి ఒకటి రెండు కిలోలు తీసి ట్యాంక్‌ని పట్టి ఉంచే స్ట్రాప్‌లలో పైదానికి ఉన్న జేబులో పెట్టండి. లేదా ట్యాంక్‌ని మూడు నాలుగు సెంటీమీటర్లు తల వైపు జరపండి. మరీ జరిపితే తలెత్తినప్పుడల్లా వాల్వ్ తగులుతుంది. కానీ అవసరమైతే వెంటనే విప్పి పడేయగలిగేంత సీసం నడుముకి ఉండి తీరాలి.

తల కిందికి, కాళ్లు పైకి

పైదానికి తిరగేసి చేయడమే. ట్యాంక్ కిందికి, సీసం నడుముకి. ఫిన్స్ మరీ తేలికైతే బరువైన రబ్బరువి వేసి చూడండి. చీలమండ బరువులు మాత్రం నాకు నచ్చవు. ప్రతి కిక్‌కీ వాటినీ మోయాలి, గాలి ఖర్చు.

ఒక పక్కకి దొర్లుతోంది

కావడిలా రెండువైపులా సమానంగా ఉండాలి. 5 కిలోలు కుడికి 3, ఎడమకి 2 అయిందేమో చూడండి. అదీ కాకపోతే ట్యాంక్ స్ట్రాప్ మీదే అనుమానం. పొడిగా ఉన్నప్పుడు బిగించిన నైలాన్ స్ట్రాప్ తడిస్తే సాగుతుంది, ట్యాంక్ జారి ఓ పక్కకి వాలుతుంది. స్ట్రాప్‌ని తడిపి బిగించండి, బీసీడీ పట్టుకుని లేపి కుదిపి చూడండి.

డైవ్ మొదట్లో మునగడమే లేదు

వెంటనే సీసం అడగకండి. టెన్షన్‌లో ఊపిరితిత్తుల నిండా గాలి పట్టుకుని ఉంటాం. తెలియకుండానే ఫిన్స్ కొడుతూ మనల్ని మనమే పైకి తోసుకుంటాం. కాళ్లు ఆపి, ఇన్‌ఫ్లేటర్ గొట్టం (బీసీడీలోకి గాలి నింపేది, వదిలేది) నిటారుగా ఎత్తి గాలి వదిలి, ఊపిరి మొత్తం బయటికి వదలండి. నా 7 కిలోల కథ మొదలైంది ఇక్కడే.

కుదిరిన లెక్కని లాగ్‌బుక్‌లో రాసుకోండి. ఇప్పుడు నాది: 3 మి.మీ. వెట్‌సూట్, అల్యూమినియం ట్యాంక్, సముద్రం. నడుముకి 3 కిలోలు, పై స్ట్రాప్‌కి 1 కిలో.